చీటీ వెనక వైపు

చీటీ సంచిలో ఉందో లేదో మ్యూరియల్ ట్రెమ్లెట్ మూడోసారి చూసుకుంది. ఉంది. రెండు ఇరవైకి కదలవలసిన రైలు ఎక్సెటర్ స్టేషన్లో అలాగే నిలబడి ఉంది, రెండు ఇరవై ఆరయింది, ఎవరైనా ఆపించారా అనుకుంది, తన కోసం రైలు ఆపించేంత తప్పా ఇది అని వెంటనే అనుకుంది, అయినా కిటికీలోంచి ప్లాట్‌ఫారం అటు చివరిదాకా చూసింది. గార్డు ఒకడు, పాల డబ్బాలు తోసుకుపోయే మనిషి ఒకడు. ఆఫీసువాళ్లు ఎవరూ లేరు. పాత ఇంగ్లీషు మాటల నిఘంటువు కట్టే ఆఫీసులో ఒక కట్టడి ఉంది, చట్రం కట్టించి గోడకు తగిలించారు: చీటీ గది దాటకూడదు. ఇరవై ఏడేళ్లలో ఆమె ఒక్క చీటీ దాటించలేదు. ఈ రోజు, 1954 అక్టోబరు పన్నెండు, మంగళవారం, అందరూ భోజనానికి లేచాక సొరుగు లాగి, ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు ఉన్న కాగితం ముక్క ఒకటి తీసి, ప్రార్థన పుస్తకంలో పెట్టి, పుస్తకాన్ని సంచిలో పెట్టింది. బయటికి వస్తుంటే తలుపు దగ్గర సంపాదకుడు డాక్టర్ స్కేఫ్ ఎదురయ్యాడు. ఎక్కడికి అన్నాడు. పళ్ల డాక్టరు దగ్గరికి అంది. ఏ పన్ను అన్నాడు. ఏ పన్ను అని ఎందుకు అడిగినట్టు? వచ్చిన ఆరేళ్లలో ఆయన ఆమె పళ్ల సంగతి ఎన్నడూ అడగలేదు. కింది దవడ, ఎడమ పక్క అంది, అప్పటినుంచీ కింది దవడ ఎడమ పక్క నిజంగానే సలుపుతోంది.

సంచి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటే లోపలి చీటీ తెరవకుండానే కనిపిస్తోంది. ఎడమ పై మూల మాట: ఫ్లోడ్‌క్రాఫ్ట్. దాని కింద దొరికిన చోటు: వెనర్ పాదిరీగారి ఇంట్లో ఒక పుస్తకం అట్ట లోపల అతికించి ఉన్న తోలు ఆకు. దాని కింద, ఆ ఆకులోంచి ఎత్తిరాసిన వాక్యం. అడుగున రాసినవారి పొడి అక్షరాలు, ఎల్.సి., తేదీ 12 జూన్ 1926. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో చదువుల పేర్లు ఏమేమి ఉండేవో స్కేఫ్ గురువారం సాయంత్రం ఊళ్లో ఉపన్యాసం చెప్పబోతున్నాడు. లాటిన్ మాటలూ గ్రీకు మాటలూ వచ్చి తోసెయ్యకముందు లెక్కలు రీమ్‌క్రాఫ్ట్, వ్యాకరణం స్టాఫ్‌క్రాఫ్ట్, వైద్యం లాచెక్రాఫ్ట్, నక్షత్రాల చదువు తుంగొల్‌క్రాఫ్ట్, భూమి కొలిచే చదువు ఎయోర్త్‌క్రాఫ్ట్, పాట చదువు సాంగ్‌క్రాఫ్ట్. క్రాఫ్ట్ అంటే అప్పట్లో బలమూ అదే, నేర్పూ అదే, విద్యా అదే. ఈ ఆరింటికీ ఎవరడిగినా పుస్తకం తెరిచి చూపించొచ్చు. ఏడోది ఫ్లోడ్‌క్రాఫ్ట్, ఆటుపోట్ల చదువు, దానికి ఈ చీటీ తప్ప ఆధారం లేదు. ఆకు లేదు. 1942 మేలో బాంబులు పడ్డ రాత్రి వెనర్ పాదిరీగారి ఇల్లు పుస్తకాలతో సహా కాలిపోయింది, పాదిరీగారు అంతకు ఆరేళ్ల ముందే పోయారు. ఏడోదే తన ఉపన్యాసానికి ప్రాణం అని స్కేఫ్ ఆఫీసులో ఉన్న ముగ్గురితోనూ అన్నాడు. లండన్ పత్రిక ఒకటి మనిషిని పంపుతోంది. శుక్రవారం నిఘంటువులో ఎఫ్ అక్షరం భాగం అచ్చుకెక్కుతుంది, అచ్చుకెక్కాక మాట ఉన్నట్టే, ఇంకో వందేళ్లపాటు దాన్ని చూసి ఇంకొకరు రాసుకుంటారు, వాళ్లను చూసి ఇంకొకరు.

నిన్న సాయంత్రం నాలుగున్నరకి ప్రూఫు సరిచూస్తూ ఆమె ఆ చీటీని తిప్పింది. ఎందుకు తిప్పింది? చీటీ జారి కుర్చీ కిందికి పోతే వంగి తీసింది, అది బోర్లా పడి ఉంది, అంతే. తనకు అనుమానం వచ్చి తిప్పానని చెప్పుకోవడానికి లేదు. చీటీలు రాసిపెట్టేవాళ్లు దేశమంతా ఉన్నారు, జీతం లేనివాళ్లు, ఇంట్లో ఏ కాగితం ఉంటే అది కోసి దాని ఖాళీ పక్క రాస్తారు. పైపక్క చూడకుండా వెనకపక్క చూసే ఎవరి చీటీయో ఆమె చెప్పగలదు. నార్విచ్ పాదిరీది ఆదివారం ప్రసంగాల చిత్తుప్రతి. లీడ్స్ నుంచి రాసే విధవరాలిది మొగుడి మందుల షాపు కాగితం. ఎల్.సి. అంటే కూమ్ మాస్టారు, ఆయనవి ఎప్పుడూ బడి కాగితాలే, పిల్లల లెక్కలు, కూడికలు, తొట్టిలోకి నీళ్లు ఎంతసేపట్లో నిండుతాయి, తప్పుకి ఎర్ర గీత. మొదటి పదేళ్లు ఆమె ఆ వీపుల్ని చదివింది, కొందరు పిల్లల చేతిరాతలు ఆమెకు గుర్తే. ఈ చీటీ వీపు మీద లెక్క లేదు. అచ్చు ఉంది, సగంలో కోసిన అచ్చు: కిటికీలన్నిటికీ నల్లగుడ్డ, వెలుతురు బయటికి, వార్డెన్ చెప్పినప్పుడు. యుద్ధం మొదలైన ఏడు, విమానాలు బాంబులేస్తే ఏం చెయ్యాలో చెబుతూ ఇంటింటికీ పంచిన కరపత్రం, ఆమె ఇంటికీ వచ్చింది. 1926 జూన్ తేదీ వేసిన చీటీ 1939లో అచ్చయిన కాగితం మీద ఉంది. కరపత్రం అంచు కింద ఎర్ర సిరాతో ఇంకో రెండు పొడి అక్షరాలు, ఎమ్.టి., 9 మార్చి 1943. వచ్చిన చీటీని ముందూ వెనకా చూశాను, సరిగ్గా ఉంది, అని ఆఫీసు తరఫున వేసే గుర్తు. ఎమ్.టి. ఆమే. ముందూ వెనకా చూసినట్టు రాసింది, చూడలేదు, కూమ్ మాస్టారి చీటీ కదా, అది వెనక్కి తిప్పే చీటీ కాదు, వెనక అంచు కాస్త పైకి మడిచి గుర్తేసి పక్కన పెట్టే చీటీ.

రైలు కదిలింది. కదలగానే ఎదుటి బెంచీ మీద ఒకామె ఉందని తెలిసింది, ఎప్పుడెక్కిందో తెలియలేదు. ఊలు అల్లుతోంది, కాళ్ల దగ్గర ఖాళీ బుట్ట, బుట్ట నుంచి నత్తగుల్లల వాసన. అల్లిక వైపు చూడడం లేదు, సంచి వైపు చూస్తోంది. లోపల డబ్బుందనుకుంటోందేమో, లేకపోతే తను అలా పట్టుకు కూర్చోడమే చూస్తోందేమో. మ్యూరియల్ సంచిని పక్కన పెట్టింది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. కూమ్ మాస్టారైతే నవ్వేవాడు. 1927లో ఆమె చేరినప్పుడు ఆయనకు యాభై ఒకటి, లింప్‌స్టన్ బడిలో హెడ్‌మాస్టరు, సెలవుల్లో ఆఫీసుకి వచ్చి కొత్తవాళ్లకు పని నేర్పేవాడు. మూలం కళ్లెదుట పెట్టుకుని రాయాలి. జ్ఞాపకంలోంచి రాసింది ఎంత బాగున్నా అబద్ధమే. నకలు చేస్తే నకలు అని రాయాలి. ఎవరి చీటీ అయినా, నాదైనా, తిప్పి చూడు అమ్మాయీ. ఆయన ఎవరినైనా అమ్మాయీ అనే పిలుస్తాడు, డెవన్‌లో పుట్టినవాళ్లందరూ అంతే, స్కేఫ్ భార్యను కూడా ఒకసారి అమ్మాయీ అన్నాడు, ఆమె ఆ ముక్క చాలామందితో చెప్పింది. పదకొండు వేల చీటీలు పంపాడు. ఇంగ్లీషు అక్షరాల్లో ఏ నుంచి ఈ వరకూ అచ్చయిన భాగాల్లో ఆయన చీటీ తప్ప వేరే ఆధారం లేని మాటలు మూడున్నాయి, ఆ మూడింటినీ మ్యూరియలే ఒప్పుకుంది, సంపాదకుల పేర్లలో రెండో పేరు ఆమెది. ఫ్లోడ్‌క్రాఫ్ట్ అబద్ధమైతే ఆ మూడూ ఏమిటి? పదకొండు వేలూ ఏమిటి?

టాప్షంలో రైలు ఆగింది. ఇక్కణ్ణుంచి రాకకీ పోకకీ పట్టాల వరస ఒకటే, ఎదురు రైలు వచ్చేదాకా కదలదు. కిటికీ అవతల నది వెడల్పయి సముద్రం వైపు పోతోంది, నీళ్లు వెనక్కి పోయి బురద బయటపడి ఉంది, పడవలు పక్కకి ఒరిగి ఉన్నాయి. నిజానికి ఒక నోటుబుక్కు చాలు. ఆమె ఇంత దూరం వస్తున్నది దానికోసమే. 1926లో వెనర్ పాదిరీగారి ఇంట్లో కూర్చుని నోటుబుక్కులో రాసుకుని ఉంటాడు, యుద్ధంలో ఇల్లు కాలిందని విన్నాక ఆ నోటుబుక్కు వెతికి అందులోంచి చీటీ ఎక్కించి ఉంటాడు, చేతికందిన కాగితం కోసి ఉంటాడు, అలవాటు కొద్దీ చూసిన రోజు తేదీ వేసి ఉంటాడు. తప్పే. నకలు అని రాయకపోవడం తప్పే, కానీ అది చెయ్యి చేసిన తప్పు. నోటుబుక్కు చూపిస్తే మాట నిలుస్తుంది, ఒక కుండలీకరణంలో సంగతి రాసేస్తే సరిపోతుంది. చూపించకపోతే? కాలిందంటాడా? ఎలకలు కొట్టాయంటాడా? అయినా చీటీ వచ్చింది 1943లో, ఇల్లు కాలింది 1942లో. సరిచూసే వీలు పోయిన పది నెలలకు మాట బయటికి వచ్చింది. పదిహేడేళ్లు ఎందుకు దాచాడు? ఆ ఆకులోంచే తీసిన ఇంకో నాలుగు చీటీలు 1926 జులైలోనే పంపాడు, ఆమె ఈ పొద్దున ఆ నాలుగూ తీసి చూసింది, నాలుగింటి వెనకా లెక్కలే, ఎర్ర గీతలే. ఐదోది ఒక్కటే ఎందుకు ఆగింది?

ఇంకో దారి ఉంది, నిన్న రాత్రి భోజనం ముందు అది తట్టింది, తట్టినందుకు ఫోర్కు కింద పెట్టేసింది. ఆధారం చాలదు అని రెండు ముక్కలు రాసి మాటను భాగంలోంచి తీసెయ్యొచ్చు. ఎందుకు చాలదో చెప్పనక్కర్లేదు, చీటీ డబ్బాలో అలాగే ఉంటుంది, కూమ్ మాస్టారు డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ఎంతకాలం? స్కేఫ్ గొడవ చేస్తాడు, కారణం అడుగుతాడు. అడుగుతాడా? పోయిన వారం ఆ చీటీ డబ్బా ఆయన బల్ల మీద రెండు రోజులుంది. ఆయన తిప్పి ఉండడా? తిప్పి, చూసి, కింద ఎమ్.టి. అని చూసి, అలాగే పెట్టి ఉండడా? అప్పుడు ఏ పన్ను అని అడగడంలో అర్థం ఉంది. అచ్చయ్యాక ఎవరో బయటపెడతారు, రెండో పేరు మీద పడుతుంది, మొదటి పేరుకి ఉపన్యాసం మిగులుతుంది. ఇది తనకు మామూలుగా వచ్చే ఆలోచన కాదు. ఇరవై ఏడేళ్లుగా కాగితాల్ని అనుమానించింది కానీ మనుషుల్ని కాదు, అంత తీరిక లేదు. నిన్న నాలుగున్నర నుంచి పాలవాణ్ణి కూడా అనుమానిస్తోంది.

ఎదుటామె అల్లిక ఆపి, "లింప్‌స్టనేనా అమ్మా?" అంది. ఎలా తెలుసు అంది మ్యూరియల్. ఎక్స్‌మత్ పోయేవాళ్లు నీళ్లు చూడరు, మా ఊరొచ్చేవాళ్లే చూస్తారు, దిగాక బురదలో నడవాలేమోనని, అందామె. ఎవరింటికో కూడా అడిగింది. కూమ్‌గారింటికి అని చెప్పక తప్పలేదు. "మాస్టారింటికా? ఈ నెల్లో మీరు రెండో మనిషి. మొన్నొకాయన సైకిలేసుకొచ్చాడు, పాంటుకి క్లిప్పులు, మెడకి చుక్కల చుక్కల బో టై. గుల్లలు కొనేవాడేమో అనుకున్నాం. గంటసేపు కూచుని ఒట్టి చేతుల్తో పోయాడు." చుక్కల బో టై పసుపు రంగుదా అని అడిగింది మ్యూరియల్. ఆమె ఒక కుట్టు తప్పి వెనక్కి లాగుతూ, అవునమ్మా, మీ ఆయనా, అంది. ఎదురు రైలు వచ్చి పోయింది, వీళ్ల రైలు కదిలింది, ఆమె ఆ ఆయన సంగతి ఇంకా ఏదో అడుగుతోంది. మ్యూరియల్‌కి వినపడలేదు. ఆ బో టై స్కేఫ్ రోజూ కట్టేది, స్కేఫ్ ఇక్కడికి వచ్చాడు. వచ్చినట్టు ఆఫీసులో చెప్పలేదు. గంటసేపు కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి చేశారా? కలిసి చెయ్యడానికేముంది, చీటీ 1943ది, స్కేఫ్ ఆఫీసుకి వచ్చింది 1948లో. కలిసి దాస్తున్నారా, అయితే?

వుడ్‌బరీ రోడ్ స్టేషన్ దాటింది. ఆమె చీటీలోని వాక్యం పెదవులు కదపకుండా చెప్పుకుంది. మఠంలో ఉన్నవారికి లెక్క ఇచ్చారు, అక్షరం ఇచ్చారు, నక్షత్రం ఇచ్చారు. ఒడ్డున ఉన్నవారికి నీటి రాకపోకల విద్య ఎవరూ ఇవ్వలేదు, వారికది ముందే ఉంది. నిన్నటిదాకా ఆ వాక్యం అంటే ఆమెకు ఇష్టం. ప్రూఫులో చదివి ఒకసారి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది కూడా. ఇవాళ అదే వాక్యం బాగున్నందుకే నచ్చడం లేదు. ఆ కాలపు మఠంలో ఎవరు అలా రాశారు? ఆమె చదివినవాటిలో జాబితాలు ఉంటాయి, నియమాలు ఉంటాయి, పులిసిన రొట్టెకు ఎంత ఉప్పు, జ్వరానికి ఏ ఆకు, ఈస్టర్ ఏ ఆదివారం వస్తుందో కట్టే లెక్క. ఒడ్డున ఉన్నవాళ్ల తరఫున నిలబడి మఠాన్ని ఎత్తిపొడిచే మనిషి వాటిలో లేడు. అలా ఎత్తిపొడిచే మనిషి ఒకడే తెలుసు, ఆయన లింప్‌స్టన్‌లో ఉంటాడు. పదకొండేళ్లుగా చీటీ తన గదిలో ఉంది, ఈ గొంతు ఎవరిదో తనకు తెలియలేదా? తెలిసీ ఊరుకుందా? చెవికి ఇష్టమైనదాన్ని కన్ను చూడదని ఎవరిమీదైనా రాయొచ్చు, తన మీద రాసుకోవాలంటే కష్టంగా ఉంది.

లింప్‌స్టన్‌లో ఇద్దరే దిగారు. అల్లికామె ముందు నడిచి దారి మలుపులో వెనక్కి చూసింది, చూసిందా, శాలువా సర్దుకుందా, ఏదో ఒకటి. ఇల్లు తెలిసిన ఇల్లే. కూమ్ మాస్టారు వంటింట్లో ఉన్నాడు, కెటిల్ పొయ్యి మీద ఉంది, బల్ల మీద బన్నులు, మీగడ, జాం, కప్పులు రెండు. కప్పులు రెండెందుకు? భార్య పోయి తొమ్మిదేళ్లయింది. ఎవరొస్తారని? రోజూ రెండే పెడతాను అమ్మాయీ, ఎవరో ఒకరొస్తారు, అన్నాడు, ఆమె అడగలేదు, కప్పుల వైపు చూసింది, అంతే. కోటు విప్పకుండా ప్రార్థన పుస్తకం తెరిచి చీటీని బల్ల మీద బోర్లా పెట్టింది. ఆయన కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. చదవడానికి అక్కర్లేదు, చదివేదేముంది అక్కడ, అయినా వార్డెన్ దాకా చదివాడు.

"తిప్పావన్నమాట," అన్నాడు.

"1926 నోటుబుక్కు కావాలి మాస్టారూ."

"కాలిపోయిందని చెప్పొచ్చు. చెబితే నువ్వది రాసుకుని, మళ్లీ మంగళవారం వచ్చి బూడిదేదీ అంటావు. లేదు. అసలు ఎప్పుడూ లేదు."

తర్వాత ఆయన చెప్పినదంతా ఆమె విన్నది, వింటూనే ప్రతి ముక్కకీ వెనక ఏముందో చూస్తూ పోయింది. ఆకు నిజమేనట. అందులో లెక్క, అక్షరం, నక్షత్రం ఉన్నాయట, ఆ నాలుగు చీటీలూ నిజమేనట. నీళ్ల సంగతి లేదు. ఇల్లు కాలిందని తెలిసిన చలికాలంలో, కిటికీలకు నల్లగుడ్డ కట్టుకుని కూర్చున్నప్పుడు, ఆయన ఒక వాక్యం కలిపాడు. ఆయన తండ్రి జేబెజ్ కూమ్ ఈ ఒడ్డునే గుల్లలు ఏరి బతికాడు, సంతకం రాదు, ఏ ఇసుకదిబ్బ ఏ రోజు ఎన్ని గంటలకు మునుగుతుందో పావుగంట తేడా రాకుండా చెప్పేవాడు. పటాలు గీసే ప్రభుత్వం మనుషులు ఒక ఎండాకాలం పడవలో వచ్చి మూడు రోజులు ఆయన్ను వెంటేసుకుని తిరిగారు, ఆయన చెప్పినవన్నీ పట్టికగా అచ్చేశారు, పట్టిక అడుగున పడవ పేరు ఉంది. మనిషి పేరు లేదు. ఈ కథ నిజమేనా? ఇరవై ఏడేళ్లలో ఆయన తండ్రి మాట ఎత్తలేదు. ఇది కూడా ఇప్పుడు కలిపిన వాక్యమేనా?

"మఠంలో కూర్చున్నవాళ్లకి ఆరు చదువులున్నాయి కదా," అన్నాడు ఆయన. "నిలబడి పనిచేసినవాళ్లకి ఒక్కటిస్తే ఎవడి సొమ్ము పోయింది?"

స్కేఫ్‌కి చెప్పారా ఇదంతా అని అడిగింది. చెప్పలేదట. ఆయన ఉపన్యాసం తయారుచేసుకుని వచ్చాడు, మీరు కళ్లారా చూశారు కదా అని అడిగాడు, చూశాననిపించుకుని పోయాడు, ఆయనకి జవాబు అక్కర్లేదు, తలూపితే చాలు, అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. బీరువా నిండా బడి కాగితాలుండగా కరపత్రం ఏరి కోసింది కావాలనేనని. పట్టుకునేవాళ్లుంటే పట్టుకుంటారని చూశానని. "పదకొండేళ్లు తిప్పలేదు నువ్వు," అన్నాడు, తప్పు చేసింది ఆమే అయినట్టు. మ్యూరియల్ ఆయన ముఖం చూసింది. కావాలనే వదిలి ఉంటే అది నిజాయితీలాంటిది ఏదో అవుతుంది. ఇప్పుడు పుట్టిన సాకయితే రెండో అబద్ధం. రెండూ ఒకే గొంతుతో చెప్పగల మనిషి ఆయన, బడిలో ముప్ఫై ఏళ్లు అదే గొంతుతో అవీ ఇవీ చెప్పాడు. ఇంకెన్ని ఉన్నాయి అంది. ఒక్కటే అన్నాడు. ఒక్కటే అన్న మాటకి మూలం ఏది, ఎక్కడ తెరిచి చూడాలి?

ఆయన టీ వంచుతూ, "అంత ఇదిగా ఉంటే అట్ట మీద అంటించెయ్ అమ్మాయీ. నలిగినవాటికి చేసేదేగా. వెనకెవరు చూస్తారు?" అన్నాడు.

మామూలు మాటే. చిరుగు పట్టిన చీటీని మైదా జిగురుతో అట్ట ముక్క మీద అంటిస్తారు, ముందువైపు నిలుస్తుంది, వెనకవైపు ఇక ఎవరికీ కనపడదు. ఆమె చెయ్యి కప్పు దగ్గర ఆగిపోయింది. యుద్ధం అయ్యాక ఆఫీసులో మనుషులు చాలక, రిటైరైన కూమ్ మాస్టారే నాలుగేళ్లపాటు ప్రతి బుధవారం వచ్చి ఆ పని చేశాడు. కిటికీ పక్క బల్ల, జిగురు గిన్నె, కుంచె. నాలుగు వందల అట్టలు, కొంచెం ఎక్కువే. అందరూ మెచ్చుకున్నారు. మ్యూరియల్ ఆయనకు టీ తెచ్చిచ్చేది. ఆ మూడు మాటలు, ఏ నుంచి ఈ లోపు ఆయన చీటీ తప్ప ఆధారం లేనివి, వాటి చీటీలు ఎలా ఉన్నాయి? గట్టిగా ఉన్నాయి. చేతికి గట్టిగా తగిలాయి. మూడూ అట్ట మీదివే.

"బుధవారాలు మీరంటించినవాటిలో మీవెన్ని?" అని అడిగింది.

"నలిగినవి అంటించాను. ఎవరివో చూడలేదు."

ఎవరిదో చూడకుండా చీటీ ముట్టుకోవద్దని ఆమెకు నేర్పింది ఈయనే. అట్టలన్నీ నీళ్లలో నానబెట్టి ఊడదీస్తానంది. ఆయన మొదటిసారి కప్పు కింద పెట్టాడు. అది బడి సిరా అన్నాడు, పొడి కలిపి చేసింది, నీళ్లలో నిలవదు, దొంగదానితోబాటు మంచివన్నీ కూడా కడుక్కుపోతాయి అన్నాడు. ఆయన ఇలా అడ్డుపడడం ఆమె ఎన్నడూ చూడలేదు. చీటీల కోసమా, చీటీల వెనక ఉన్నదాని కోసమా? నానబెట్టే ముందు ఒక్కోదానికీ నకలు రాస్తాను, మూలం ఎదురుగా పెట్టుకుని రాస్తాను, నకలు అని రాస్తాను, అంది.

"నీ నకలు సరిగ్గా ఉందని ఎవరు చెప్పాలి?" అన్నాడు కూమ్. కోపంగా అనలేదు, పాఠం అడిగినట్టే అడిగాడు. "ఈ చీటీ మీద నీ అక్షరాలు కూడా ఉన్నాయి కదమ్మా. ముందూ వెనకా చూశానని రాశావు."

రాత్రంతా ఆమె ఈ మాట స్కేఫ్ నోట వస్తుందని అనుకుంది. ఈ నోట వచ్చింది. వచ్చాక అనుకున్నంత భారంగా లేదు, లెక్క చూసి ఎర్ర గీత పెడితే పిల్లవాడికి ఉండేంతే ఉంది. రాశాను, నేను రాసింది కూడా అబద్ధమే, ముందు అదే చెబుతాను, అంది. చీటీని ప్రార్థన పుస్తకంలో పెట్టి, ఊళ్లో టెలిఫోన్ ఎక్కడుంది అని అడిగింది. పోస్టాఫీసు గోడ పక్క అని చెప్పి, ఆయన టోపీ అందుకున్నాడు. రానక్కర్లేదంది. నాకు తెలుసు రానక్కర్లేదని, అన్నాడు.

ఇద్దరూ సందులో నడిచారు. ఆయన రెండు చోట్ల ఆగి ఊపిరి తీసుకున్నాడు, ఆమె ఆగింది. టెలిఫోన్ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఎక్సెటర్ నంబరు అడిగింది. అక్కడ గంట మోగుతున్నంతసేపూ గాజు పలకలోంచి ఆయన కనిపిస్తున్నాడు, టోపీ పెట్టుకోలేదు, చేత్తో పట్టుకున్నాడు. తోడొచ్చాడో, తను ఏం చెబుతుందో వినడానికి వచ్చాడో ఆమె తేల్చుకోలేకపోయింది. తలుపు మందంగా ఉంది, కానీ కింద సందు ఉంది, మాట బయటికి పోతుంది. అటువైపు నుంచి స్కేఫ్, ఎవరు అన్నాడు. ఆమె గొంతు తగ్గించలేదు.

"నేను మ్యూరియల్ ట్రెమ్లెట్‌ని. 1943లో ఒక చీటీ వెనక చూడకుండా చూశానని రాశాను. లింప్‌స్టన్ నుంచి మాట్లాడుతున్నాను, చీటీ నా దగ్గరుంది. ఎఫ్ ఆపండి."